నిత్యజీవితంలో యంత్రాలు: ఒక మరమ్మతుదారుని అభిప్రాయాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరు మహానగరంలో 75 సంవత్సరాలుగా తెలుగు దీపాన్ని ఆరనీయక కాపాడుతూ వస్తున్న ఈ విద్యాలయ వేదికపై నిలబడి మాట్లాడగలగడం నా భాగ్యం. సాంకేతిక విజ్ఞానాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా పెద్దలు ఆదేశించారు. ఆ విషయం చెప్పగల శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు ఈ నగరంలో కొదవ లేదు. నేను వారి కోవకు చెందినవాణ్ణి కాను. పాడైన వస్తువును విప్పి, లోపల ఏమున్నదో చూసి, వీలైతే బాగుచేసి మళ్ళీ బిగించే అలవాటు గలవాణ్ణి. ఎస్.పి. రోడ్డులోని ఎలక్ట్రానిక్ విడిభాగాల అంగళ్ళు, జె.సి. రోడ్డులోని మోటారు సామాన్ల దుకాణాలు నాకు గ్రంథాలయాలు. ఆ అనుభవం కారణంగా ఏ వస్తువు చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేయడం నాకు పరిపాటి అయింది. ఇది వాడేవారి చేతికి సులువుగా లొంగుతుందా? దీనిని విప్పడానికి వీలున్నదా? వాడేవారి భాష దీనికి తెలుసునా? ఈ మూడు ప్రశ్నలనే నేడు మీ ముందుంచుతాను.

మొదటి ప్రశ్నకు మనందరికీ తెలిసిన ఒక వస్తువునే ఉదాహరణగా తీసుకొంటాను. అది ఓటింగు యంత్రం. దీనిని తయారుచేసే సంస్థలు రెండే. ఒకటి హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, రెండవది మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. 1982లో కేరళలోని పరూరు శాసనసభా నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో దీనిని తొలిసారి వాడారు. 2004 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశంలోని 543 లోక్‌సభ స్థానాలన్నింటా ఇదే వాడుకలోకి వచ్చింది. ఈ యంత్రం చుట్టూ జరిగిన రాజకీయ చర్చల జోలికి నేను పోను. దాని రూపకల్పనను మాత్రమే చూడండి. అభ్యర్థి పేరు, ప్రక్కన గుర్తు, దాని ప్రక్కన ఒక నీలి మీట. నొక్కగానే ఎర్రదీపం వెలుగుతుంది, కూత వినిపిస్తుంది. అక్షరం రాని అవ్వకైనా తన పని పూర్తయిందని కంటికీ చెవికీ తెలుస్తుంది. కరెంటు లేని ఊళ్ళో కూడా పనిచేయాలని దానిని బ్యాటరీతో నడిపారు. దీనిని వాడేవారిలో అందరికంటె నిస్సహాయులైనవారు ఎవరని రూపకర్తలు ముందుగానే ఆలోచించారని ఆ మీటను చూస్తేనే బోధపడుతుంది.

గాంధీబజారులో పూలమ్మే తల్లి ముందున్న సౌండ్ బాక్సు కూడా అటువంటిదే. 2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చిన తరువాత చిల్లర వర్తకులు సైతం ఫోను ద్వారా సొమ్ము పుచ్చుకోసాగారు. కాని రెండు చేతులతో మాల కట్టేవారు మాటిమాటికీ ఫోను తీసి చూడలేరు గదా! ఆ ఇబ్బందిని కనిపెట్టిన వారెవరో గాని, ఎంత సొమ్ము చేరిందో పైకి చదివి చెప్పే చిన్న పెట్టెను చేసిపెట్టారు. చేయి ఖాళీ లేనివారికి చెవి ఖాళీగా ఉంటుందని గ్రహించడమే అందులోని విజ్ఞానం.

ఇక మోటారు కార్ల సంగతి. ఇటీవలి కార్లలో మీటలు, త్రిప్పుళ్ళు ఒక్కొక్కటే మాయమై, వాటి స్థానంలో పెద్ద టచ్ స్క్రీను వెలుస్తున్నది. చూపులకు అందంగానే ఉంటుంది. కాని జోరువానలో సిల్క్ బోర్డు కూడలి వద్ద ఎదుటి అద్దానికి ఆవిరి పట్టినప్పుడు, ఫ్యాను వేగం పెంచడానికి రోడ్డు మీది నుండి చూపు మరల్చి తెర మీది బొమ్మలను వెదకవలసి రావడం ఎంత ప్రమాదకరమో డ్రైవరు సోదరులను అడగండి. త్రిప్పుడు అయితే చేయి దానంతటదే వెదకి పట్టుకొంటుంది, కన్ను రోడ్డు మీదనే ఉంటుంది. ఈ మాట మరమ్మతు చేసేవారే అంటున్నది కాదు. కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుండి తన నియమాలను మార్చుకొన్నది. ఇండికేటరు, హారను, వైపరు, ప్రమాద సూచక దీపాలు, అత్యవసర పిలుపు వంటి వాటికి చేతికి తగిలే మీటలు ఉంటేనే పూర్తి మార్కులు లభిస్తాయి.

కార్ల రూపకల్పనలో మన నగరానికి ఒక గౌరవస్థానం కూడా ఉన్నది. 2001లో ఇక్కడి నుండి వెలువడిన రేవా విద్యుత్ కారును పెద్దలు మరచి ఉండరు. చేతన్ మైనీ గారి నాయకత్వంలో రూపొందిన ఆ చిన్ని బండికి రెండే తలుపులు, 8 సీసపు బ్యాటరీలు. ఒకసారి చార్జి చేస్తే సుమారు 80 కిలోమీటర్లు నడిచేది. ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గే దానికి పెట్రోలు బంకు. ఆ రోజులలో దానిని బొమ్మకారని నవ్వినవారున్నారు. దానికి పరిమితులు ఉన్నమాట నిజమే. సీసపు బ్యాటరీలు బరువైనవి, వాటి ఆయువూ తక్కువ. అయినా, ఆ రూపకర్తలు వేసుకొన్న ప్రశ్న సరియైనదని నా నమ్మకం. నగరంలో ఒక మనిషి రోజుకు ఎంత దూరం వెళ్ళి వస్తాడు? అందుకు ఎంత బండి కావాలి? 2010లో ఆ సంస్థ మహీంద్రా వారి చేతికి వచ్చింది. నేడు మన వీధులలో విద్యుత్ వాహనాలు సర్వసాధారణమయ్యాయి. కాని ఒక్క మనిషి ఆఫీసుకు వెళ్ళడానికి ఏడుగురు పట్టే కారు ఎందుకనే ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

రెండవ ప్రశ్న, విప్పడానికి వీలున్నదా అన్నది. మన బెంగళూరులో 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్.ఎం.టి. వారు చేతి గడియారాల తయారీ ప్రారంభించారు. ఆ సంస్థ చేసిన ‘జనతా’ గడియారం ఎందరి తండ్రుల, తాతల ముంజేతులను అలంకరించిందో చెప్పలేం. రోజూ కీ ఇవ్వాలి. ఆగిపోతే కాలిబాట ప్రక్కన కూర్చున్న గడియారాల పనివాడు కంటికి భూతద్దం తగిలించుకొని వెనుక మూత తీసి, తుడిచి, చుక్క నూనె వేసి ఇచ్చేవాడు. 2016లో ఆ గడియారాల విభాగాన్ని మూసివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. చేసిన కర్మాగారం మూతపడినా, విప్పడానికి వీలున్నందువల్ల ఆ గడియారాలు నేటికీ నడుస్తున్నాయి. ఈనాటి ఫోనులో బ్యాటరీని జిగురుతో అంటించేస్తున్నారు. బ్యాటరీ ఒక్కటి బలహీనపడితే ఫోనంతటినీ పారవేసే పరిస్థితి దాపురించింది. కొన్న వస్తువును బాగుచేయించుకొనే హక్కు వినియోగదారునికి ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక సంఘాన్ని నియమించడం ఈ కారణం చేతనే.

విప్పి చూడడం వల్ల వస్తువు బాగుపడుతుంది, విప్పినవాడికి విద్య వస్తుంది. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి జీవితమే ఇందుకు సాక్ష్యం. 1893లో తమిళనాట ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయనకు బడిచదువు పెద్దగా అబ్బలేదు. యౌవనంలో ఒక ఆంగ్లేయ ఉద్యోగి వద్ద మోటారు సైకిలును చూసి ముగ్ధుడై, హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి దానినే కొని, భాగాలుగా విప్పి, మళ్ళీ బిగించాడని ఆయన చరిత్రకారులు వ్రాశారు. 1920లో పొల్లాచి, పళని పట్టణాల మధ్య ఒక్క బస్సుతో రవాణా సంస్థను ప్రారంభించారు. తరువాత విద్యుత్తుతో పనిచేసే క్షౌర యంత్రాన్ని, ఎన్నో ఇతర పరికరాలను రూపొందించారు. 1937లో కోయంబత్తూరులో దేశీయ విద్యుత్ మోటారు తయారీలో భాగస్వామి అయ్యారు. యువకులకు చేతిపని నేర్పే విద్యాలయాలను నెలకొల్పారు. 1974లో పరమపదించే నాటికి ఆయన పేరు దక్షిణాదిన ప్రయోగశీలతకు పర్యాయపదమైంది. ఆనాడు ఆ మోటారు సైకిలు మరలకు బదులు జిగురుతో అంటించి ఉంటే ఆ యువకుడు ఏమి నేర్చుకొని ఉండేవాడు?

మూడవ ప్రశ్న భాషకు సంబంధించినది. ఈ విద్యాలయానికి ఇది ప్రాణప్రదమైనది. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. ఆపిల్ సంస్థ వారి ఫోనులలో ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే చాలు, ఆ సందేశాన్ని చూపే సాఫ్ట్‌వేరు కుప్పకూలిపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలోని మొదటి అక్షరం! ప్రపంచమంతటా పత్రికలు ఆ వార్తను వినోదంగా ప్రచురించాయి. కొద్ది రోజులలోనే ఆ సంస్థ సవరణను విడుదల చేసింది. దాని కారణం తెలుసుకోదగినది. ఇంగ్లీషు అక్షరాలు రైలుపెట్టెల వలె ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. మన ‘జ్ఞా’ కంప్యూటరు లోపల జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం అనే నాలుగు సంకేతాలుగా ఉంటుంది. నాటి సందేశంలో వాటి నడుమ కంటికి కనిపించని మరొక సంకేతం కూడా చేరింది. వీటన్నింటినీ కలిపి ఒకే రూపంగా తెర మీద గీయవలసి వచ్చేసరికి ఆ సాఫ్ట్‌వేరుకు దిక్కు తోచలేదు. ఒత్తులు, గుణింతాలు చిన్నతనంలోనే దిద్దినవారు ఆ సాఫ్ట్‌వేరును పరీక్షించే బల్ల దగ్గర ఉంటే, ఇటువంటి చిక్కు ముందే బయటపడడానికి ఎంతో అవకాశం ఉండేది.

తెలుగు మాధ్యమంలో చదివితే సాంకేతిక రంగంలో వెనుకబడతారని భయపడే తల్లిదండ్రులకు ఈ సంగతి విన్నవిస్తున్నాను. ఇంగ్లీషు నేర్చుకోవలసిందే, అందులో సందేహం లేదు. కాని కోట్లమంది తెలుగువారు వాడే యంత్రాలకు తెలుగు బాగా తెలిసిన రూపకర్తలు కావాలి. వారు ఏ బడి నుండి రావాలి? మన భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, మరికొందరు ఇంజనీర్లు కలిసి 2001లో ‘సింప్యూటరు’ అనే చేతి కంప్యూటరును ప్రదర్శించారు. చదువు రానివారికి భారతీయ భాషలలో చదివి వినిపించాలన్నది వారి సంకల్పం. అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. ఆ సంకల్పం మాత్రం చెల్లిపోలేదు. దానిని నెరవేర్చే పని ఇంకా మిగిలే ఉన్నది.

అందుచేత ఈ జూబిలీ సందర్భంగా యాజమాన్యానికి ఒక విన్నపం. భవనాలతో పాటు ఒక చిన్న గదిని పాత వస్తువులకు కేటాయించండి. ఆగిపోయిన గడియారాలు, పాత రేడియోలు, కుట్టుమిషన్లు, సైకిలు చక్రాలు అందులో ఉంచండి. శనివారం పూట రెండు గంటలు ఉపాధ్యాయుని సమక్షంలో పిల్లలను విప్పనివ్వండి. కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ప్లగ్గు తీయని వస్తువును ముట్టరాదు. పాత పిక్చర్ ట్యూబు టీవీలో ప్లగ్గు తీసిన తరువాత కూడా విద్యుత్తు నిలిచి ఉండవచ్చు గనుక పిల్లలు దాని జోలికి పోరాదు. ఉబ్బిన ఫోను బ్యాటరీని గదిలోకే రానీయరాదు. విప్పిన తరువాత ప్రతి విద్యార్థీ తాను చూసినదానిని తెలుగులో ఒక పుటైనా వ్రాయాలి. ఎద్దుబండి చేసిన మన వడ్రంగులకు ఇరుసు, ఆకులు, కడసీల అనే మాటలు ఉన్నాయి. చేతిపని ఉన్నచోట మాట దానంతటదే పుడుతుంది. ఫోనునూ కారునూ విప్పే పిల్లలు రేపటి తెలుగుకు కావలసిన మాటలను తామే పుట్టిస్తారు.

తల్లిదండ్రులకు మరొక్క మాట. ఆగిపోయిన గడియారాన్ని మీ అబ్బాయిగాని, అమ్మాయిగాని విప్పబోతే గద్దించకండి. ఎలాగూ ఆగిపోయినదే గదా! మరలు పోకుండా ఒక పళ్ళెం ప్రక్కన పెట్టి, దగ్గర కూర్చోండి. మళ్ళీ బిగించడానికి కుదరకపోయినా నష్టమేమీ లేదు. లోపల ఉన్నది మనుష్యులు ఆలోచించి చేసినదేనని, తానూ ఆలోచించి చేయగలనని ఆ బిడ్డకు కలిగే ధైర్యాన్ని ఏ అంగడిలోనూ కొనలేము.

 ఈ విద్యాలయం శతజయంతి జరుపుకొనే నాటికి, ఇక్కడి విద్యార్థి చేసిన పరికరం ఒకటి ఈ వేదిక మీద ఉండాలని మనసారా కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.