న్యాయస్థానపు మాటలు

(వార్షిక మహాసభయందు, న్యాయసహాయక శిక్షణ పొందుచున్న యువతీయువకుల నుద్దేశించి చేసిన యుపన్యాసము)



కార్యనిర్వాహకవర్గమువారు నాకు నిర్ణయించిన విషయము ప్రాథమిక న్యాయపరిభాష. ఇది న్యాయసహాయకులుగా శిక్షణ పొందుచున్న మన పిల్లల కొఱకే యైనను పెద్దలును దయతో నాలకింప వేడెదను. ఏలయన, న్యాయము తనవైపున నుండియు ఒక మాటకు అర్థము తెలియక వ్యాజ్యము పోగొట్టుకొనినవారు దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు ఏ కాలనీయందైనను కానవత్తురు.

ఎల్.బి. నగరులోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానముల యావరణమున కొంతసేపు నిలుచున్నచో మూడు తెఱగుల మాటలు చెవిని బడును. వకీలు, వకాల్తా, దావా, జప్తు, జామీను, రాజీ యనునవి అరబ్బీ పారసీకములనుండి వచ్చినవి. సమను, అఫిడవిట్టు, డిక్రీ, స్టే యనునవి ఆంగ్లపు మాటలు. వాది, ప్రతివాది, సాక్షి యనునవి సంస్కృతమునుండి వచ్చి మనవైనవి. ధర్మశాస్త్రమును తెలుగున చెప్పుట నేటి క్రొత్త కోరిక కాదు. 13వ శతాబ్దముననే మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించియున్నాడు. తరువాత నిజాము పాలనలో కచేరీలకు ఉర్దూ భాష యయ్యెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా కొందఱు గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. వెంకటరామారావుగారు వకీలు. వకీలుకే యట్టి గతి పట్టిన కాలమున కచేరీ మెట్లెక్కిన పల్లెటూరి కక్షిదారుని స్థితి యెట్లుండెనో మీరే యూహింపుడు.

ఈ మూడు భాషల కలయిక వలన కలుగు చిక్కునకు ఒక్క మాట చాలును. ముద్దాయి యనగా తెలుగున నేరము మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ యనగా దావా వేసినవాడు. ఎవనిపై వేయబడెనో అతడు ముద్దాలే. మాట ఒకటే, అర్థము తలక్రిందులు. ప్రక్కనున్న మలకుపేటనుండి వచ్చిన ఉర్దూ సోదరుడు తాను ముద్దయీ నని చెప్పగా మీరు నిందితుడని వ్రాసికొంటిరా, అతని ఫిర్యాదు అతని మెడకే చుట్టుకొనును. కావున మాట వినగానే వ్రాయక, ఎవరు ఎవరిమీద పెట్టిరని మొదట నడుగుడు. నిందితుడు వేఱు, దోషి వేఱు అనుటయు మఱువరాదు. తీర్పు వెలువడు దాక ఎవ్వడును దోషి కాడు.

ఇక మన ప్రాంతమున వ్యాజ్యములకెల్ల తల్లి భూమి. సరూర్‌నగరు చుట్టునున్న పొలములు ప్లాట్లయిన నాటినుండి నాలుగు కాగితములు చేతులు మాఱుచున్నవి: నోటరీ కాగితము, విక్రయపు టొడంబడిక, జి.పి.ఏ., విక్రయదస్తావేజు. నాలుగింటిని జనులు "కాగితములున్నవి" అను ఒక్క మాటలో ముగింతురు. నోటరీ ముద్ర సంతకము చేసినవా రెవరో తెలుపును గాని యిల్లు నీదని చెప్పదు. ఒడంబడిక అమ్మెదనని యిచ్చిన మాట మాత్రమే. మాట తప్పినవానిపై దావా వేయుటకును గడువు మూడేండ్లు. జి.పి.ఏ. యనగా నాకు బదులుగా నీవు పని చక్కబెట్టుమని యిచ్చిన యధికారము. ఇచ్చినవాడు మరణించినచో సాధారణముగా నదియు ముగియును. నూఱు రూపాయలు, అంతకు మించిన వెలగల స్థిరాస్తి రిజిస్టరయిన విక్రయదస్తావేజుచేతనే చేతులు మాఱునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. జి.పి.ఏ. అమ్మకములవలన హక్కు సంక్రమింపదని సుప్రీముకోర్టు 2011లో సూరజ్ ల్యాంపు కేసునందు స్పష్టపఱచినది. ఇ.సి. కాగితమును చూచి సంతోషించువారు కలరు. అది రిజిస్టరయిన లావాదేవీలను మాత్రమే చూపును, హక్కును నిర్ణయింపదు. అమ్మకమునకు వచ్చిన స్థలము 22-ఏ నిషిద్ధ జాబితాలో నున్నదేమో విచారింపకుండ బయానా ఇచ్చుట మన కాలనీలవారు ఎన్నడును చేయరాని పని.

సమను వచ్చినప్పుడు తలుపు మూసికొనుట మఱియొక దురభ్యాసము. కాగితము తీసికొననిచో కేసు నడవదని కొందఱి నమ్మకము. నిజమేమనగా, నిరాకరించినవానికి సమను అందినట్లే న్యాయస్థానము భావింపవచ్చును. అంతట ప్రతివాది లేకయే విచారణ సాగును. దానినే ఎక్సుపార్టీ, అనగా ఏకపక్షము, అందురు. సమను అందినది మొదలు 30 దినములలో ప్రతివాది జవాబుదావా వేయవలయును. న్యాయమూర్తి కారణము చూచి 90 దినముల వఱకు పొడిగింపవచ్చును. ఏకపక్షపు డిక్రీ యైనచో దానిని కొట్టివేయుమని కోరుటకు గడువు 30 దినములే.

గడువును గూర్చి తెలుగువారికి ఎంత చక్కని మాట కలదు! కాలదోషము. ప్రామిసరీ నోటునకు మూడేండ్లు. ఆ లోపల ఋణస్థుడు కొంత చెల్లించి నోటు వెనుక స్వహస్తముతో చెల్లు వ్రాసి సంతకము చేసినచో ఆనాటినుండి మఱల మూడేండ్లు. మన తాతలు "చెల్లు వేయించితివా?" యని యడుగుచుండుట యిందులకే. గడువు దాటిన పిదప వేయించిన చెల్లు ఈ విధముగా పనికిరాదు. తీర్పునకును డిక్రీకిని భేదము గూడ నిక్కడనే చెప్పెదను: న్యాయమూర్తి చూపిన కారణములు తీర్పు, ఎవరికేమి చెందవలెనో తేల్చునది డిక్రీ. డిక్రీ చేతికి రాగానే సొమ్ము చేతికి రాదు. అమలు దరఖాస్తు వేయవలయును. అందులకు గడువు పండ్రెండేండ్లు. డిక్రీని చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీసి పండ్రెండేండ్లు గడపువారి నేమనవలెను?

నేరశాస్త్రమునందు 2024 జూలై 1వ తేదీ నుండి భారతీయ న్యాయ సంహిత యమలులోనికి వచ్చినది. మోసగానికి బిరుదమైయుండిన 420 ఇప్పుడు 318వ సెక్షనుగా మాఱినది; తిట్టుగా నది యింకను చాలకాలము బ్రతుకునని నా యూహ. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరములకు మాత్రము పాత శిక్షాస్మృతియే వర్తించును గాన తేదీ యడుగక సెక్షను చెప్పకుడు. నాన్‌బెయిలబుల్ అనగా జామీను దొరకదని వాడుకలో నున్న యర్థము తప్పు. జామీను హక్కుగా కాక, న్యాయస్థానము వివేచించి యిచ్చునని దాని భావము. ఈ యొక్క తప్పర్థమును చూపి భయపఱచి, అరెస్టయినవాని తల్లినుండి సొమ్ము గుంజు దళారులు కలరు. అట్టి తల్లికి మీరు చెప్పవలసినది, 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ననుసరించి నిర్బంధములో నున్నవానికి ఉచితముగా న్యాయవాదిని పొందు హక్కు కలదని. స్త్రీలకును పిల్లలకును షెడ్యూల్డు కులములు తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఆ హక్కు కలదు. 15100 అను ఫోను సంఖ్యను కంఠస్థము చేయుడు. మీరు న్యాయవాదులు కారు. మీ పని మాటకు సరియైన యర్థము చెప్పి, సరియైన వాకిలి చూపుట. అందులకు ప్రతిఫలము పుచ్చుకొనరాదు.

ఒక మాట పెద్దలకు రుచింపకపోయినను చెప్పక తప్పదు. మన సంఘములో తగవులు కులపెద్దల యెదుట తీర్చుకొను నాచారము కలదు. ఇరుపక్షములు మనఃపూర్వకముగా నొప్పి వ్రాసికొనిన రాజీపత్రము ఒక యొడంబడికగా నిలువవచ్చును. అది తీర్పు కాదు, దానికి డిక్రీ బలము లేదు. లోక్ అదాలతులో కుదిరిన రాజీకి మాత్రము ఆ బలము కలదు. దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. కావున పెద్దలు కుదిర్చిన సివిలు రాజీని ఎల్.బి. నగరునకు కొనిపోయి లోక్ అదాలతులో వ్రాయించుట మేలు. కాని భార్యను హింసించిన కేసువంటివానిని "రాజీ" యను తీపిమాటతో సంఘభవనములోనే కప్పిపుచ్చుట కూడదు. ఆ యాడుబిడ్డ ఠాణాకు పోవలెనా, వద్దా యని నిర్ణయించు నధికారము మన కెవ్వరి కిచ్చిరి? ఆమె యడిగినచో తోడు వెళ్లుడు. ఠాణాలో ఆమె చెప్పినది వ్రాసికొనిన పిదప చదివి వినిపించు వఱకు సంతకము చేయనీయకుడు. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా నడిగి పుచ్చుకొనుడు.

భోజనానంతరము శిక్షణ తరగతి యీ మందిరములోనే జరుగును. ఇంటి కాగితములు వెంట తెచ్చిన సోదరులు వానిని తరగతిలో చూపవచ్చును. మూలప్రతులు మాత్రము ఎవరి చేతికిని ఇయ్యవలదు, నకళ్లు చాలును.