ఊరి మాట, నలుగురి సంతకం



ఏటా ఆగస్టు 9న మనం జెండా ఎగరేసి, డప్పు కొట్టి, ర్యాలీ తీస్తాం. 1982లో ఆ రోజే ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. అయితే ఆ తేదీకి ఇంకో చరిత్ర ఉంది. 1814లో అదే రోజున అమెరికాలో మస్కోగీ ఆదివాసులు సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు పోగొట్టుకున్నారు. ఈసారి వాళ్ల సంగతి మీకు చెప్పాలనుకున్నాం.

తెల్లవాళ్లు వీరిని క్రీకులు అన్నారు. ఇప్పటి జార్జియా, అలబామా రాష్ట్రాల్లో చట్టహూచీ, కూసా, టల్లపూసా నదుల ఒడ్డున వీరి ఊళ్లుండేవి. ఏ ఊరి పెద్ద ఆ ఊరికే. అందరినీ ఏలే రాజు లేడు. యుద్ధమైనా సంధి అయినా సభలో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

జార్జియావాళ్లు ఇదే అదను చేసుకున్నారు. 1783, 1785, 1786లలో మూడు ఒప్పందాలు రాయించుకున్నారు. సంతకాలు పెట్టింది కొద్దిమంది పెద్దలు. మిగతా ఊళ్లు ఒప్పుకోలేదు. అయినా ఒకోనీ నది దగ్గరి భూముల్లో వలసదారులు దిగిపోయారు. క్రీకు యోధులు వాళ్ల ఇళ్లు తగలబెట్టి, పశువులను తోలుకుపోయారు. జార్జియా సైన్యం ఎదురుదాడుల్లో స్నేహంగా ఉన్న ఊళ్లవాళ్లను కూడా చంపింది. రెండు వైపులా ఇళ్లలో ఏడుపులే.

రాయబారం కూడా నడిచింది. క్రీకు నాయకుడు అలెగ్జాండర్ మెక్‌గిల్లివ్రే 1784లో స్పెయిన్‌తో, 1790లో న్యూయార్క్ వెళ్లి వాషింగ్టన్ ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నాడు. ఒకోనీ భూములు వదులుకుంటే మిగతా నేల మీదేనని ప్రభుత్వం మాటిచ్చింది. అందులోని రహస్య షరతుల్లో ఆయనకు ఏడాదికి 1,200 డాలర్ల జీతం రాసి ఉంది.

1813లో క్రీకులే రెండుగా చీలి పోరాడారు. మరుసటి ఏడు మార్చి 27న హార్స్‌షూ బెండ్ దగ్గర ఆండ్రూ జాక్సన్ సైన్యం ఒక్కరోజే 800 మందికి పైగా యోధులను చంపింది. ఆగస్టు 9న సంతకాలు చేసినవారిలో ఎక్కువమంది జాక్సన్ వైపు నిలబడినవాళ్లే. తన కోసం పోరాడినవాళ్ల భూమిని కూడా ఆయన వదల్లేదు.

అనుమతి లేకుండా భూమి అమ్మితే మరణశిక్ష అని క్రీకు సభ చట్టం చేసుకుంది. 1825లో విలియం మెకింతోష్ మరికొందరితో కలిసి భూమి రాసిచ్చాడు. సభ తీర్పు మేరకు అతన్ని చంపారు. ఆ చావును మేం మెచ్చుకోవడం లేదు. సభను దాటి సంతకం పెడితే రక్తం దాకా వెళ్తుందని చెబుతున్నాం. 1826లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది, కానీ కొత్త ఒప్పందంతో జార్జియా భూమి తీసుకుంది. 1836లో సైన్యం వేలమందిని ఇప్పటి ఓక్లహోమాకు తరలించింది. దారిలో ఎందరో చనిపోయారు.

అయినా కథ ముగియలేదు. ఓక్లహోమాలో ఒప్పందాల ప్రకారం ఇచ్చిన నేల, నేర విచారణల విషయంలో, నేటికీ మస్కోగీ రిజర్వేషనేనని 2020 జూలై 9న అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పాత కాగితాలే సాక్ష్యమయ్యాయి.

మనకు 1/70 చట్టం ఉంది. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలనే 1996 పెసా చట్టం ఉంది. సభకు మనం వెళ్లకపోతే నలుగురి సంతకమే ఊరి మాట అయిపోతుంది. కాబట్టి చదువుకున్న మీరు గ్రామసభకు వెళ్లండి. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో పెద్దలకు మన భాషలో చదివి వినిపించండి. ఆ తర్వాతే సంతకం.

జై ఆదివాసీ!