చుట్టం కాదు, ఇంట్లో మనిషి

పెద్ద బ్యాంకుల్లో ఇంటర్నల్ కన్సల్టింగ్ అని ఒక విభాగం ఉంటుంది. ప్రతి సమస్యకీ బయటి కంపెనీని పిలవకుండా, బ్యాంకు తన ఉద్యోగులతోనే ఒక బృందం పెట్టుకుని పనులు చక్కబెట్టుకుంటుంది. వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, యూబీఎస్, హెచ్‌ఎస్‌బీసీ లాంటి బ్యాంకుల పెద్ద కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి కాబట్టి, ఈ విభాగాల ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు వినేవాళ్లలో కొందరైనా ఉంటారు.

బయటి కన్సల్టెంటు చుట్టం. కొన్ని నెలలు మర్యాదలు అందుకుని, రిపోర్టు చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. మీరు వెళ్లరు. ఎవరి పని మార్చమన్నారో వాళ్ల వెనకే రేపు క్యాంటీన్ లైన్లో నిలబడాలి. పైగా వాళ్లెవరూ మీ కింద పనిచేసేవాళ్లు కారు. ఏ ప్రశ్న అడిగినా, ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీలో వెతికేది ఈ ఎరుకే.

కేస్ ప్రశ్న ఇలా ఉంటుందనుకుందాం: "చిన్న వ్యాపారికి కరెంట్ ఖాతా తెరవడానికి 10 రోజులు పడుతోంది. ఏం చేస్తారు?" వెంటనే యాప్ పెట్టేద్దాం అనకండి. ఆ 10 రోజుల్లో ఫైలు మీద నిజంగా పని జరిగింది ఎన్ని గంటలు, ఎవరో ఒకరి టేబుల్ మీద ఊరికే పడి ఉన్నది ఎన్ని రోజులు అని అడగండి. పేరు కలవలేదనో, కాగితం తక్కువైందనో బ్రాంచికి తిరిగొచ్చే ఫైళ్లు ఎన్నో అడగండి. జబ్బు చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత, ఏ మెట్టు రిజర్వ్ బ్యాంకు నిబంధన, ఏది బ్యాంకు అలవాటు అన్నది విడదీయండి. కేవైసీ తీసేయలేరు. ఒకరు ఎంటర్ చేసింది ఇంకొకరు చూసి పాస్ చేసే మేకర్-చెకర్ పద్ధతిని వృథా అన్నారా, ఎదుటివాళ్ల మొహం మారిపోతుంది. కానీ ఒకే చిరునామాని మూడు చోట్ల టైప్ చేయమని ఏ నిబంధనా చెప్పలేదు కదా!

తర్వాత లెక్క. 200 మందికి రోజుకి అరగంట మిగిలితే 100 గంటలు. దాన్ని చటుక్కున రూపాయల్లోకి మార్చేస్తే ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోరు. ఆ అరగంటతో ఎవరి జీతమూ తగ్గలేదు. ఓవర్‌టైమ్ తగ్గుతుందా, ఖాళీ అయిన పోస్టు నింపకుండా నడపొచ్చా, పెరిగే పనిని ఉన్నవాళ్లతోనే లాక్కురావొచ్చా, ఇది చెప్పగలిగితేనే అది డబ్బు.

ఖాతాదారుడికి మన ఉత్పత్తులు ఇంకా ఎక్కువ అమ్మడమెలా అని అడిగితే మాత్రం కాస్త ఆగండి. అమెరికాలో వెల్స్ ఫార్గో సిబ్బంది, అమ్మకాల టార్గెట్ల ఒత్తిడిలో, ఖాతాదారులకి తెలియకుండానే వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే సుమారు 5,300 మందిని తీసేశారు. 2018 ఫిబ్రవరిలో ఫెడరల్ రిజర్వ్ ఆ బ్యాంకు ఆస్తులు పెరగకుండా కట్టడి పెట్టింది. అది 2025 జూన్‌లో గానీ పోలేదు. ఈ కథ అక్కడ అప్పజెప్పక్కర్లేదు, ఇంటర్వ్యూ ఆ బ్యాంకులోనే అయితే అసలు వద్దు. కానీ మీరు ఏ టార్గెట్ సూచించినా, దాన్ని దొంగదారిలో ఎలా అందుకోవచ్చో కూడా మీరే చెప్పండి. తెరిచిన ఖాతాల సంఖ్య కాదు, ఆరు నెలల తర్వాత వాటిలో వాడుకలో ఉన్నవి ఎన్నో కొలుద్దామనండి.

అనుభవం అడిగినప్పుడు "మా మేనేజర్ చెప్పారు కాబట్టి అందరూ విన్నారు" అనే కథ పనికిరాదు. ఎవరు కాదన్నారు, వాళ్ల మాటలో న్యాయమెంత, దానివల్ల మీ ప్లాన్‌లో మీరేం మార్చుకున్నారు, అది చెప్పండి. బయటి కన్సల్టింగ్ కంపెనీ ఎందుకొద్దని అడిగితే, ఇక్కడ ప్రయాణాలు తక్కువనే మాట ఎంత నిజమైనా మనసులోనే ఉంచుకోండి.

చివర్లో మీ వంతు వస్తుంది. ఈ బృందం ఎవరికి రిపోర్టు చేస్తుంది? ప్రాజెక్టు ఖర్చు ఎవరి బడ్జెట్లోంచి వస్తుంది? కిందటేడు ఇచ్చిన సలహాల్లో అమలైనవేవి? రెండు మూడేళ్లు చేసినవాళ్లు బ్యాంకులో ఎక్కడికి వెళ్లారు? ఈ ఆఖరి ప్రశ్నకి ఇద్దరు రెండు రకాలుగా చెప్తే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు, ఆ బృందంలో ఇదివరకు పనిచేసిన మనిషిని వెతికి పట్టుకుని అడగండి.