హాజరు పట్టీ నుంచి స్కార్మ్ దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇన్నేళ్లూ ఏం ఉద్యోగం చేశావురా?" అని మా లెక్కల మాస్టారు ఇందాక టీ తాగుతూ అడిగారు. కంప్యూటర్లో పాఠాలు తయారుచేసే పని అన్నాను. "పాఠం సరే, వాడు విన్నాడో లేదో నీకెలా తెలుస్తుంది?" అన్నారు. నా ఉద్యోగమంతా ఆ ప్రశ్న చుట్టూనే గడిచింది. అందుకని దాని గురించే పది నిమిషాలు మాట్లాడతాను.

మాస్టారు పేరు పిలిచేవారు, మనం "ప్రెజెంట్ సార్" అనేవాళ్లం. పట్టీలో టిక్కు పడేది. ఆన్‌లైన్‌లో పాఠం ఒక కంపెనీది, పట్టీ మరో కంపెనీది. ఆ పిలుపూ ఈ జవాబూ ఒకే భాషలో లేకపోతే టిక్కు పడదు. మల్కాపురం పిల్లలం, సగం మంది ఇళ్లలో షిప్‌యార్డు ఉద్యోగమో రిఫైనరీ ఉద్యోగమో ఉండేది. మర కొలత కలవకపోతే బోల్టు ఎంత గట్టిదైనా దండగే అని మనకి వేరే చెప్పాలా?

ఈ ఇబ్బంది మొదట విమానాల వాళ్లకి వచ్చింది. ఒక్కో తయారీదారు పైలట్లకీ మెకానిక్కులకీ ఒక్కో రకం కంప్యూటర్ పాఠం ఇస్తుంటే ఎయిర్‌లైన్స్ వాళ్లు తట్టుకోలేకపోయారు. 1988లో ఏఐసీసీ పెట్టుకున్నారు. కంగారు పడకండి, ఢిల్లీలో ఉన్న ఏఐసీసీ కాదు, ఏవియేషన్ ఇండస్ట్రీ సీబీటీ కమిటీ. తర్వాత అమెరికా రక్షణ శాఖ 1997లో మొదలుపెట్టిన ఏడీఎల్ కార్యక్రమం నుంచి 2000లో స్కార్మ్ వచ్చింది. 2001లో దాని 1.2 రూపం వచ్చింది. పాఠమంతా ఒక జిప్ ఫైలు, లోపల ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా ఒకటి. మన టీసీలాంటిది అనుకోండి, అది చూపిస్తే ఏ బళ్లోనైనా చేర్చుకుంటారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీకి భద్రతా పాఠం చేశాను. కాంట్రాక్టు కార్మికులు అది పూర్తి చేస్తేనే గేట్ పాస్. ఒకాయన మూడు విడతలుగా కూర్చుని పూర్తి చేశాడు. తెర మీద 'పూర్తయింది' అని వచ్చింది. పట్టీలో మాత్రం 'అసంపూర్తి'. ఎక్కడ ఆపాం, ఏ ప్రశ్నకి ఏం జవాబిచ్చాం అని దాచుకోడానికి స్కార్మ్ 1.2 ఇచ్చే చోటు 4096 అక్షరాలు. నా పాఠంలో ప్రశ్నలెక్కువ, ఆ చోటు చాల్లేదు. దాచలేనని సర్వర్ చెబుతూనే ఉంది, ఆ జవాబు వినమని నేను ప్రోగ్రాంలో రాయలేదు. ఆయనకి రెండ్రోజుల కూలి పోయింది. "నేను చదివాను బాబూ, మీ కంప్యూటరుకే తెలీలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాతి స్కార్మ్ 2004లో 'పూర్తి చేశాడు', 'పాసయ్యాడు' అనేవి రెండు వేర్వేరు గళ్లయ్యాయి. దాని నాలుగో ముద్రణకి ఆ 4096 కాస్తా 64,000 అయింది. 2013లో వచ్చిన ఎక్స్‌ఏపీఐ పద్ధతే మార్చేసింది: ఎవరు, ఏం చేశారు, దేన్ని అని చిన్న చిన్న వాక్యాలుగా రాస్తుంది. నెట్ లేనప్పుడు ఫోన్‌లో రాసిపెట్టుకుని తర్వాత పంపొచ్చు. క్రేన్ మీద చేసిన అభ్యాసాన్ని కూడా రాయొచ్చు. 2014లో ఏఐసీసీ మూతపడింది, ఆ దారిలో సీఎంఐ5 వచ్చింది. ఇన్ని వచ్చినా నా దగ్గరకొచ్చేవాళ్లు ఎక్కువమంది ఇంకా 1.2నే అడుగుతారు. పాత సైకిల్, ఏ వీధి మెకానిక్కయినా బాగుచేస్తాడు.

మన దేశం సంగతి. యాభై ఏళ్ల కిందట, 1975-76లో, ఉపగ్రహం ద్వారా 2,400 ఊళ్లలో టీవీ పాఠాలు వేశారు. వాటిలో మన రాష్ట్రం ఊళ్లూ ఉన్నాయి. ఎవరికి ఏం అర్థమైందో తెలియాలంటే మనుషులు ఊళ్లకి వెళ్లి అడగాల్సిందే. 2017 సెప్టెంబరు 5న దీక్షా వచ్చింది. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వస్తుంది, ఎన్నిసార్లు తెరిచారో లెక్కా వెళుతుంది. దాని వెనకున్న సన్‌బర్డ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్, దాని లెక్కల పద్ధతి దానిదే. అయితే తెరిచిన లెక్క వేరు, అర్థమైన లెక్క వేరు. వెనక బెంచీలో కూర్చుని "ప్రెజెంట్ సార్" అన్న నాకు ఆ తేడా బాగా తెలుసు. పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 చట్టం చెబుతోంది, అదీ గుర్తుంచుకోవాలి.

మన బడి పిల్లలకి సంఘం తరఫున వీడియో పాఠాలు చేయిస్తామని కార్యదర్శి గారు చెప్పారు. సంతోషం. డబ్బు కట్టేముందు రెండు అడగండి. ఒప్పందం అయిపోయాక పాఠాలూ, పిల్లల రికార్డులూ మన చేతికిస్తారా? వేరే చోట పెడితే నడుస్తాయా? ఇంకోటి, ప్రతి పాఠం చివర 'నాకు అర్థం కాలేదు' అని ఒక బటన్ పెట్టించండి. అది నొక్కితే ఎవరో ఒక మాస్టారి ఫోన్‌కి కబురు వెళ్లాలి. లెక్కల వరకు మా మాస్టారు ఇందాకే ఒప్పుకున్నారు, ఆదివారం ఉదయం పూట మాత్రమే అన్నారు. సైన్సుకి ఎవరైనా చెయ్యెత్తాలి.