శైశవక్రీడయు తొలివిద్యయు



శిశువిద్యను గూర్చిన ఈ సదస్సునకు అధ్యక్షత వహింపుమని నన్నాదేశించిన మీ సౌహార్దమునకు కృతజ్ఞుడను. ఉపచారవాక్యములతో కాలహరణము చేయక, చిరకాలముగా నా మనస్సును కలచుచున్న విషయమునకే వచ్చెదను. మూడేండ్లు నిండీ నిండకమునుపే బిడ్డ చేతికి పలకయు బలపమును ఇచ్చి, గంటలకొలది అక్షరములు దిద్దించి, దిద్దనినాడు గద్దించి, తమ విధి నెరవేరినదని తృప్తినొందు తల్లిదండ్రులు పల్లెపట్టణభేదము లేక నానాటికి పెరుగుచున్నారు. ఆటను మాన్పించినగాని చదువు రాదని వారి విశ్వాసము. ఆ వయస్సున ఆటయే చదువని నా దృఢాభిప్రాయము.

ఇది నేడు పుట్టిన మాట కాదు. జర్మనీదేశమున 1837లో ఫ్రోబెల్ మహాశయుడు బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో శిశువులకొఱకు క్రీడాలయమును నెలకొల్పి, వారి చేతులకు ఉన్నిబంతులను, కొయ్యగోళములను, ఘనములను అందించెను. మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును తెఱచెను. 1907లో రోమునగరపు పేదలవాడయైన శాన్ లొరెంజోలో శిశుగృహమును ప్రారంభించిన మాంటిస్సోరి విదుషి 1939లో మదరాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణమొసగెను. ఆమెయెడ నాకు గల గౌరవము అపారమే. అయినను శిశువుల కల్పనాక్రీడపై ఆమె చూపిన అనాదరమును మాత్రము నేను సమ్మతింపజాలను.

మన యిండ్లలోని ఆటలనే పరిశీలింపుడు. ఏడేసి గుంటలు రెండు వరుసలుగా గల వామనగుంటల పీట యెదుట, నాలుగేండ్ల బాలిక యొకతె అమ్మమ్మతో కూర్చుండి చింతగింజలను గుంటకొకటి చొప్పున విడుచుచుండగా చూచితిని. ఒక గుంటలో రెండు గింజలు జారిపడినవి. అమ్మమ్మ చూచియు పలుకలేదు. తలచిన గుంటకు చేరకమునుపే గుప్పిట ఖాళీ కాగా, ఆ పిల్ల క్షణకాలము నిలిచి, వెనుకకు వంగి, గుంటలన్నిటిని వ్రేలితో తడవి చూచి, అధికముగా నున్న గింజను తీసి ముందు గుంటలో వేసెను. గుంటకు గింజను జతకూర్చు ఈ యెఱుకయే గణితమునకు పునాది. నూఱువఱకు అంకెలను గడగడ వల్లించు బాలుడు, నాలుగు గింజలు లెక్కించి యిమ్మన్నచో తడబడుట ఉపాధ్యాయులెల్లరు ఎఱిగినదే. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ గింజను నిలుపుట నేర్చిన చేయి రేపు బలపమును పట్టుటకు సిద్ధమగుచున్నది. మూడేండ్లలోపు పసివాండ్రకు మాత్రము ఆ గింజలను అందనీయరాదు; గొంతున అడ్డుపడు భయము కలదు.

ఇక గుజ్జనగూళ్లు. ఏటికొప్పాక పనివారు అంకుడుకొయ్యను తరిమెన పట్టి, లక్కరంగులద్ది చేసిన పిడతలలో ఇసుకయే అన్నము, ఆకులే కూరలు. చుట్టముగా వచ్చిన పిల్లవాడు వడ్డన ముగియువఱకు విస్తరిపై చేయి పెట్టరాదని ఇంటి యజమానురాలైన పిల్ల శాసించును. వాడును చేతులు ఒడిలో ముడుచుకొని కూర్చుండును. భోజనవేళ తల్లి పదిమార్లు చెప్పినను నిలువని ఆ పిల్లవానికి ఈ నిగ్రహమెక్కడిది? ఊహాక్రీడలో శిశువు నియమమును స్వేచ్ఛగా స్వీకరించి, తన తక్షణవాంఛను దానికి లోబఱచునని రష్యా మనోవిజ్ఞాని వైగోట్‌స్కీ 1933లోనే వివరించెను. వరుసలు పెట్టి పిలుచుట, మర్యాదలు తెలియుట, అలిగినవారిని ఒప్పించుట, కథ నల్లుట ఆ ఇసుకలోనే అభ్యస్తమగుచున్నవి. వాక్యనిర్మాణశక్తికి ఇంతకంటె మేలైన పాఠశాల నాకు కానరాదు.

మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవఱకు ఆటపాటలే ప్రధానముగా బోధన సాగవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. 1975 అక్టోబరు 2న వెలసిన సమగ్ర శిశు అభివృద్ధి పథకము చలువవలన అంగన్‌వాడీలు ఊరూర నున్నవి. ఇక కావలసినది సామగ్రియు, ఆడించు నేర్పును. కావున మన జిల్లాలలోని శిశుక్రీడలను, వాని నియమములతోడను, పరికరములతోడను, ఏ యేటి పిల్లలకు ఏది తగునను వివరముతోడను, తెలిసిన వృద్ధస్త్రీల నోట విని సంగ్రహించి, అంగన్‌వాడీ ఉపాధ్యాయినుల చేతికందునట్లు సులభమైన తెలుగున ముద్రింపవలెనని ఒక తీర్మానమును ప్రతిపాదించుచున్నాను. నేటి అపరాహ్ణపు గోష్ఠిలో దీనినే మొదటి చర్చనీయాంశముగా స్వీకరింపుడని సభవారిని ప్రార్థించుచున్నాను.