పత్రిక ఎవరి చేతిలో ఉంది?

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. నేను ఒక వారపత్రిక గురించి చెబుతాను. అది మన నెల్లూరిదే. పేరు జమీన్ రైతు.

అప్పట్లో వెంకటగిరి జమీందారీలో రైతు శిస్తు కట్టేది జమీందారుకు. ఆ రైతుల కష్టం చెప్పడానికి 1930 ప్రాంతంలో ఈ పత్రిక పుట్టింది. మొదలుపెట్టినది నెల్లూరు వెంకటరామానాయుడు గారు. తర్వాత నెల్లూరు శ్రీరామమూర్తి గారు సంపాదకులుగా నడిపారు. ఆ తర్వాత డోలేంద్రప్రసాద్ గారి చేతికి వచ్చింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాయి, పత్రిక పేరు మాత్రం అలాగే నిలిచింది. ఎందుకు నిలిచింది? ఒకరు దిగిపోయేలోపు ఇంకొకరు అందుకున్నారు కాబట్టి.

పత్రిక ఎవరిదో తెలుసుకోవడం కష్టమేం కాదు. చివరి పేజీలో అడుగున చిన్న అక్షరాలు ఉంటాయి చూడండి. ముద్రించినది ఎవరు, ప్రచురించినది ఎవరు, ఎక్కడ, సంపాదకుడు ఎవరు అని. ఆ పద్ధతి 1867 చట్టం నాటిది. 1956 నిబంధనల్లో ఫారం 4 అని ఒకటి వచ్చింది. దాని ప్రకారం ఏటా ఫిబ్రవరి దాటాక వచ్చే మొదటి సంచికలో యజమాని పేరు, ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ళ పేర్లు ప్రకటించాల్సి ఉండేది. పాత సంచికలు దొరికితే మార్చి నెలవి తీసి చూడండి. చేతులు ఎలా మారాయో తెలుస్తుంది.

ఇది మనకెందుకు అంటారా? రైతుకు పత్రిక ఉంది. భూమే లేని యానాదికి ఏముంది? మన గురించి 1962లో పెద్ద పుస్తకం రాసినవారు వెన్నెలకంటి రాఘవయ్య గారు. మన కోసం జీవితమంతా పనిచేసిన మనిషి, ఆయన రుణం తీరేది కాదు. కానీ ఆయన మన కులంలో పుట్టినవారు కాదు. మన మంచి రాసినా చెడు రాసినా కలం వేరేవాళ్ళ చేతిలోనే ఉండింది.

నేను ట్రైనింగ్ చదివే రోజుల్లో ఒక పత్రికలో మా ఊరి మనిషిని దొంగ అని, పేరు పక్కన కులం కూడా వేసి రాశారు. నాలుగు రోజులకు పోలీసులే తప్పు మనిషని వదిలేశారు. ఆ సంగతి మాత్రం పత్రికలో రాలేదు. 1952లో నేరస్థ తెగల చట్టం రద్దయింది. రాసేవాళ్ళ మనసులోంచి ఇంకా పోలేదని ఆరోజు అర్థమైంది.

అందుకే మా కొడవలూరు హాస్టల్లో గోడపత్రిక పెట్టించాను. పదో తరగతి అమ్మాయి ఒకతె చాలా బాగా నడిపింది. ఆమె పాసై వెళ్ళిపోయింది, పత్రిక ఆగిపోయింది. తప్పు నాది. అంతా ఆ ఒక్క పిల్ల మీదే వదిలేశాను. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాం. ఎవరు రాశారు, ఎవరు దిద్దారు, ఏ తేదీన అంటించారు, అన్నీ అందులో ఉంటాయి. పబ్లిక్ పరీక్షలకు ముందే తొమ్మిదో తరగతి అమ్మాయికి ఆ పుస్తకం అప్పజెప్పి సంతకం పెట్టాలి. ఇప్పుడు ఆగడం లేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. ఈ సంచిక ఫైళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయి? ఒకరి ఫోన్లోనే ఉంటే, ఆ ఫోను పోయినరోజు మన చరిత్ర కూడా పోతుంది. ముగ్గురి దగ్గర పెట్టండి, అందులో ఒక ఆడపిల్ల ఉండాలి. వచ్చే ఏడాది ఎవరు చూస్తారో ఈరోజే పేరు రాయండి. మీ అవ్వ చెప్పిన మాట, మీ నాయన చెరువు కాపలా కష్టం, ఊరి పేరు, తేదీ వేసి రాసివ్వండి. అక్షరదోషాలు నేను దిద్దుతాను.

మన మాట మన చేతిలో ఉండాలి. మన తర్వాత దాన్ని అందుకోవడానికి ఇంకో చెయ్యి సిద్ధంగా ఉండాలి.