మూడు రోజుల జ్వరాన్ని పట్టిచ్చే దోమ కణాలు

(నస్రుల్లాబాద్ పాల సంఘ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



నిజాంసాగర్ కాలువలు పారే మన బాన్సువాడ ప్రాంతంలో దోమలకు కొదువ లేదు. వానాకాలంలో నిన్నటిదాకా నిండుగా పాలిచ్చిన ఆవు ఇవాళ ఒళ్లు కాలిపోయే జ్వరంతో, మేత ముట్టక కుంటుతుంది. గాలికుంటేమోనని భయపడతాం. అది మూడు రోజుల జ్వరం కావచ్చు. దాని వైరస్‌ను దోమలు, నుసుములు మోసుకొస్తాయి. పశువు కోలుకున్నా ఆ ఈతలో పాలు మునుపటి మోతాదుకు రాకపోవచ్చు.

జబ్బును మోసే దోమే దాన్ని పట్టిస్తుంది కూడా. 1967లో పుణె వైరస్ పరిశోధన కేంద్రంలో డాక్టర్ సింగ్ ఏడిస్ దోమ లార్వాల కణాలను సీసాలలో పెంచారు. 1978లో జపాను శాస్త్రజ్ఞుడు ఇగరాషి వాటినుండి సి6/36 అనే రకాన్ని వేరుచేశారు. జ్వరపడ్డ పశువు రక్తాన్ని ఇటువంటి దోమ కణాలపై వేస్తే, అందులోని వైరస్ పెరుగుతుంది. తరువాత దానిని ఇతర కణాలలోకి మార్చి గుర్తిస్తారు. నేడు పి.సి.ఆర్. పరీక్ష త్వరగా తేలుస్తుంది.

ఈ రెండు పరీక్షలకూ జ్వరం ఉండగా తీసిన రక్తమే కావాలి. కనుక "మూడు రోజుల్లో అదే పోతుందిలే" అని కూర్చోకుండా మొదటి రోజే పశువైద్యునికి కబురు చేద్దాం. గడ్డకట్టకుండా తీసిన రక్తాన్ని ఐసు పెట్టెలో పంపాలి.

మరొక్క మాట. ఈ జ్వరంలో పశువు సరిగా మింగలేదు. గొట్టంతో నోట మందు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణానికే ముప్పు. నీడ, నీళ్లు, మెత్తని పక్క ఇద్దాం. మందు సంగతి వైద్యునికి వదులుదాం.